అమ్మే ముందు మరమ్మతు

ఇంట్లో పాత వస్తువేదైనా అమ్మాలనుకున్నప్పుడు మనం మొట్టమొదట చేసే పని దాన్ని తుడవడం. పదేళ్ళుగా అటకమీద దుమ్ముకొట్టుకుని పడివున్న ఇత్తడి గంగాళం కూడా అమ్మబోయే రోజు పొద్దున్నే చింతపండు స్నానం చేసి తళతళలాడుతుంది. ఇన్నేళ్ళూ మనకోసం తోమనిదాన్ని ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం తోముతాం. పాతచీరలకు స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ వీధిలో కేకవేస్తే, చిరిగిన చెంగు లోపలికి పోయేటట్టు మడతపెట్టి మరీ తెస్తాం. ఆవిడేమన్నా తక్కువ తిందా? మనం చెప్పేది చెవిన పెట్టకుండా మడతలన్నీ విప్పి, చీరను ఎండకేసి పట్టుకుని, ఆ చిరుగులోంచే మనవంక చూస్తుంది! అక్కడికి ఇద్దరికీ చెల్లు. మనం దాచగలిగిందీ లేదు, ఆవిడ మోసపోయిందీ లేదు. రావలసిన గిన్నె కాస్తా గరిటె అయి వస్తుంది, అంతే.

కాని అన్ని వస్తువులనూ అలా ఎండకేసి పట్టుకుని చూడలేం కదా! కొన్నిటి చిరుగు కంటికి కనపడదు. అటువంటిది అమ్మవలసివస్తే ఏం చెయ్యాలి? బాగుచేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా? పైకి చూస్తే ఇది రూపాయల లెక్క. కాస్త లోపలికి వెళితే ధర్మసందేహం. ఈమధ్య ఒక జత స్టీరియో స్పీకర్ల గురించి మా కుటుంబంలో ఈ సందేహం నెలరోజులపాటు నలిగింది.

ఆ స్పీకర్లు మా ఆడపడుచువి. అన్నయ్యగారు బోధన్‌లో, శక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్ళు కాలవల్లోకి వచ్చాక, ఆ నీళ్ళతో పండే చెరకును నమ్ముకుని 1937లో వెలసిన ఫ్యాక్టరీ అది. ఆసియాలోనే అంత పెద్దది లేదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవారు. గానుగ సీజను వచ్చిందంటే చెరకు బళ్ళ వరసలు, ఊరంతా తియ్యటి పాకం వాసన. 1980లలో అలాంటి ఒక సీజనులో బోనసు చేతికి రాగానే ఆయన స్టీరియో కొనుక్కొచ్చారు. నడుమెత్తు చెక్కపెట్టెలు రెండు, ముందు నల్లగుడ్డ. వాటిమీద మా వదిన కుట్టుపని చేసిన తెల్లగుడ్డలు. ఆదివారం మధ్యాహ్నం ఘంటసాల పాట మొదలైతే పక్క క్వార్టర్సు వాళ్ళు కూడా కుర్చీలు వరండాలో వేసుకునేవారు.

ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది. తరవాత కొన్నేళ్ళకు అన్నయ్యగారూ పోయారు. ఇప్పుడు వదిన నిజామాబాదులో కొడుకు దగ్గరికి వచ్చేస్తోంది. వాడిది రెండు గదుల ఇల్లు. అందులో ఆ పెట్టెలు పెడితే మనుషులు బయట పడుకోవాలి. పైగా ఆవిడకు డబ్బూ అవసరమే. కంటి ఆపరేషను ఒకటి వాయిదా పడుతూ వస్తోంది. సరే, అమ్మేద్దామనుకున్నారు. తీరా పాడించి చూస్తే, కుడి పెట్టె పాటను పాటలాగే పాడింది. ఎడమది మాత్రం మృదంగం దెబ్బ పడ్డప్పుడల్లా జలుబు చేసిన గొంతులా గరగరమంది.

స్పీకరు లోపల కాగితంతో చేసిన గరాటులాంటిది ఉంటుంది. దాన్ని కోన్ అంటారు. వెనక అయస్కాంతం మధ్యలో ఉన్న తీగచుట్ట ఆ కోన్‌ను ముందుకూ వెనక్కూ ఆడిస్తుంది. దాంతో గాలి కదిలి మనకు పాట వినిపిస్తుంది. కోన్ అంచును ఇనుపచట్రానికి పట్టివుంచేది ఒక మెత్తని ఫోం రింగు. ఆ కాలపు ఫోంకు ఒక గుణం ఉంది. వాడినా, వాడకపోయినా, గాలిలో తేమ తగిలి ఏళ్ళు గడిచేసరికి పొడిపొడిగా రాలిపోతుంది. వేలుపెడితే చిమ్మిలిలా చితుకుతుంది. ముందున్న నల్లగుడ్డ తియ్యకపోతే ఈ సంగతి కంటికి ఆనదు. సౌండు తగ్గించి పెడితే చెవికీ ఆనదు.

ఇంట్లో ఒకొక్కరిదీ ఒక మాట. “ఖరాబైన చీజ్ ఎవరు కొంటరు? మంచిగ చేయించే అమ్మాలె. మీ అన్నయ్య ఉంటే గిట్లనే అమ్మనిచ్చేటోడా?” అంది వదిన. మా మేనల్లుడు అంతకంటే తెలివైనవాడు. “అత్తా, ఒక్క పైసా ఖర్చుపెట్టొద్దు. పెట్టెలకు పాలిష్ కొట్టిద్దాం, కొత్త గుడ్డ వేద్దాం. ఫోనులో ఫొటోలు పెడితే పాతవాటి మీద మోజున్న కుర్రాళ్ళు పరుగెత్తుకొస్తారు. వచ్చినవాళ్ళకు చిన్న సౌండులో మంచి మెలొడీ వినిపిద్దాం. పాడలేదని మనమేం చెప్పట్లేదుగా!” అన్నాడు.

నాకు ఠక్కున ధర్మరాజు గుర్తొచ్చాడు. ద్రోణుడు వినకూడదనుకున్న ‘ఏనుగు’ అన్న మాటను ఆయన చిన్న సౌండులోనే కదా పలికాడు! అబద్ధమేమీ ఆడలేదు. అయినా అంతవరకూ నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన రథం ఆ క్షణంలో నేలకు దిగిందట. పాలిష్ కొట్టిన పెట్టెలకు అంత ఎత్తు ఎలాగూ ఉండదు, దిగడానికి. కాని అమ్మేవాళ్ళం మనం దిగుతాం.

“పాలిష్ తప్పయితే మరి గంగాళం తోమడం తప్పు కాదా?” అని మీరడగవచ్చు. దీనికి జవాబు మా నిజామాబాదు పసుపు మార్కెట్టులో ఉంది. పసుపుకొమ్ములను ఉడికించి ఎండబెట్టాక డ్రమ్ముల్లో వేసి తిప్పుతారు. ఒకదానికొకటి రాసుకుని గరుకు పొట్టు ఊడిపోతుంది, లోపలున్న రంగు పైకొస్తుంది. దాన్నీ పాలిష్ అనే అంటారు. అందులో దోషం లేదు. కొమ్ముకున్న రంగే కనిపించింది. అదే కొమ్ముకు ఎక్కడినుంచో తెచ్చిన పచ్చరంగు పులిమితే, అది మోసం. తుడవడం వస్తువును చూపిస్తుంది, పులమడం దాన్ని దాస్తుంది. పేరొకటే అయినా పనులు రెండూ వేరు. మా మేనల్లుడి పాలిష్ చెక్కకోసం కాదు. చూసేవాడి కన్ను పెట్టె నిగనిగల దగ్గరే ఆగిపోవాలి, లోపలి రింగుదాకా పోకూడదు. అదీ వాడి ఉద్దేశం.

సరే, దాపరికం వద్దు, వదిన చెప్పినట్టు బాగుచేయించే అమ్మితే? అందులో తప్పేముంది? నేనూ అలాగే అనుకుని బోధన్‌లో అందరూ చాచా అని పిలిచే ముసలి మెకానిక్కును ఇంటికి పిలిపించాం. ఆయన గుడ్డ తీసి, కోన్ మీద వేళ్ళానించి మెల్లగా నొక్కి, చెవి దగ్గరపెట్టి విన్నాడు. కుడి పెట్టెదీ విప్పి చూశాడు. “అమ్మా, రెండింటిదీ ఒకటే వయసు. ఇది ఇవాళ పోయింది, అది రేపు పోతది. చేస్తే రెండూ చెయ్యాలె. రింగులు హైదరాబాదు నుంచి తెప్పియ్యాలె. సగం మందం అటూ ఇటూ అయితే లోపల కాయిల్ రాసుకుంటది. లేదంటే ఎడమదాంట్ల వేరే ఊఫరు ఏదో ఒకటి పెట్టి నడిపియ్యొచ్చు. కాని జోడీ పోతది” అన్నాడు.

జోడీ పోవడమేమిటో కూడా ఆయనే చెప్పాడు. రెండు పెట్టెలూ ఒకేలా పలికితేనే పాడేమనిషి సరిగ్గా మన ఎదురుగా, మధ్యలో నిలబడి పాడుతున్నట్టుంటుంది. ఒకదాని గొంతు మారితే గాయకుడు పక్కకు జరిగిపోతాడు. స్టీరియో అందమంతా లేనిమనిషిని మధ్యలో నిలబెట్టడంలోనే ఉందన్నమాట. ఆ మాట అన్నప్పుడు వదిన ఎందుకో లోపలికి వెళ్ళిపోయింది.

“మరి ఏం చెయ్యమంటావు చాచా?” అన్నాను. ఆయన స్క్రూడ్రైవరు సంచిలో వేసుకుంటూ ఒక మాటన్నాడు. “ఉంచుకునేటోళ్ళ రిపేరు వేరే అమ్మా, అమ్మేటోళ్ళ రిపేరు వేరే. ఉంచుకునేటోళ్ళు మంచి సామాను ఎయ్యమంటరు. అమ్మేటోళ్ళు నడిస్తే చాలంటరు.”

నేను చదివిన నీతిగ్రంథాలేవీ ఇంత పొట్టిగా చెప్పలేదు. ఒకే చెయ్యి, ఒకే జిగురు, ఒకే దుకాణం. చేయించేవాళ్ళ మనసునుబట్టి పని మారిపోతుంది. ఉంచుకునేవాడు చెవికోసం చేయిస్తాడు. అమ్మేవాడు బేరం తెగేదాకా నిలిస్తే చాలని చేయిస్తాడు. అద్దెయిల్లు ఖాళీచేసేముందు మేకు బొక్కల్లో సబ్బు నింపి సున్నం రాసేది ఇందుకే గదా! అలాంటి మరమ్మతు కొన్నవాడికి ఉపకారం కాదు సరిగదా, అపకారం. అంతవరకూ కనిపించే జబ్బును కనపడకుండా చేస్తుంది. పాడైందని తెలిసి కొన్నవాడు తనకు నచ్చిన రింగు తెప్పించుకుని, నమ్మకమున్నవాడిచేత ఓపిగ్గా వేయించుకుంటాడు. బాగుందనుకుని కొన్నవాడు ఆరునెలలకు పెట్టె విప్పి, ముందు మన అతుకును ఊడబెరుక్కుని, ఆ తరవాత అసలు పని మొదలుపెట్టాలి.

‘అడిగితే చెబుదాం, అడక్కపోతే ఊరుకుందాం’ అనేది మధ్యేమార్గం. చాలామంది ఇళ్ళలో నడిచేది ఇదే. చట్టం కూడా దీనికి కొంతవరకు తోడొస్తుంది. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్టు 17వ సెక్షన్లో గుర్రం ఉదాహరణలు కొన్ని ఇచ్చారు. తన గుర్రానికి జబ్బుందని తెలిసీ ఒకడు వేలంలో ఏమీ చెప్పకుండా అమ్మాడు. అది మోసం కాదంది చట్టం. ఆ వెంటనే రెండో ఉదాహరణ. కొనేది, అప్పుడే మైనారిటీ తీరిన అతని కూతురే అయితే? అప్పుడు చెప్పితీరాలి, ఆ బంధుత్వమే అతనిచేత చెప్పిస్తుంది అంది. మూడోది ఇంకా బాగుంటుంది. “నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను” అని కొనేవాడంటే, అమ్మేవాడు మౌనంగా ఊరుకుంటే, ఆ మౌనం మాటతో సమానమట.

నన్నడిగితే మన గడపల దగ్గర జరిగే అమ్మకాలన్నీ ఈ మూడో రకానివే. ఏ కొనేవాడూ కాగితం కలం పట్టుకుని ప్రశ్నలు వెయ్యడు. చెప్పులు విప్పుతూ, “బానే ఉంది కదమ్మా?” అంటాడు. మనం “కాఫీ తాగుతావా బాబూ?” అంటాం. ఆ కాఫీయే జవాబు!

ఆ రెండో ఉదాహరణ మాత్రం నన్ను చాలారోజులు వదల్లేదు. కూతురికైతే చెప్పాలి, పరాయివాడికి అక్కర్లేదు అంటే, ధర్మం మన ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతుందన్నమాట. పాపం, చట్టం అంతకంటే ఎక్కువ అడగలేదు. దానికి పోలీసులూ కోర్టులూ కావాలి. మనసుకు అవి అక్కర్లేదు కనక, అది ఇంకో నాలుగడుగులు ముందుకు పోగలదు.

ఎంతదూరం పోవాలి? శాంతిపర్వంలో జాజలి అనే తాపసి కథ ఉంది. కదలకుండా తపస్సు చేస్తూంటే జడల్లో పిట్టలు గూడు కట్టి పిల్లల్ని లేపాయి. తనంత ధర్మాత్ముడు లేడనుకున్నాడు. కాశీలో తులాధారుడనే వర్తకుణ్ణి చూసిరమ్మని ఆకాశవాణి పలికింది. వెళ్ళి చూస్తే అతను దుకాణంలో కూచుని సరుకులు అమ్ముకుంటున్నాడు. అందరికీ ఒకటే త్రాసు. అదే అతని తపస్సు. పిట్టలకు గూడిచ్చినవాణ్ణి వదిలి, తూకం సరిగ్గా తూచినవాడి దగ్గరికి ధర్మం నేర్చుకోవడానికి పంపించిన కథ మనది. అంగడిలో ధర్మమేమిటని మనమే అంటే ఎలా?

అయితే అందరికీ ఒకే త్రాసు అంటే అందరికీ ఒకేమాట చెప్పాలని కాదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరకు బండి ఆగితే కాటా ఉంటుంది, రసం పరీక్షించే మనుషులుంటారు. రైతు చెప్పినా చెప్పకపోయినా చెరకులో ఎంత పంచదార ఉందో వాళ్ళకు తెలిసిపోతుంది. చీరలావిడకు ఎండ ఉంది. ఫోనులో ఫొటో చూసి నిజామాబాదునుంచి బస్సెక్కి వచ్చిన కుర్రాడికి ఏముంది? రెండు చెవులు, జేబులో మొదటి జీతం, మనమీద నమ్మకం. ఎదుటివాడికి తెలుసుకునే దారి ఎంత తక్కువుంటే, మనం నోరు విప్పి చెప్పవలసింది అంత ఎక్కువ. నాకు తోచిన త్రాసు ఇది.

ఇంతా విని వదిన అడిగిన ప్రశ్న ఒకటుంది. అది చాలా న్యాయమైన ప్రశ్న. “నువ్వు చెప్పేది బాగనే ఉన్నది. నిజం చెప్తే పైసలు తగ్గుతయి. నాకు కంటి ఆపరేషను ఉన్నది. వానికి ఏమున్నది, షోకు. ధర్మం ఖర్చు నేనే ఎందుకు పెట్టుకోవాలె?”

దీన్ని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. నిండిన ఇంట్లో కూచుని లేనివాళ్ళకు నిజాయితీ బోధించడం సులభం. అందుకే నేను ధర్మం మాట వదిలేసి లెక్కే చెప్పాను. “వదినా, ఆ రింగు ఎలా అరిగింది? ముప్ఫయ్యేళ్ళు గడిచి అరిగింది. ఆ ముప్ఫయ్యేళ్ళ పాటలు ఎవరు విన్నారు? మీరిద్దరూ విన్నారు. ఆదివారాలు మీవి, దసరాలు మీవి. అరుగుదల మాత్రం ఆ పిల్లవాడిదా? తగ్గే ఆ డబ్బు నువ్వు వాడికి దానం చేసేది కాదు. విన్న పాటలకు ఎప్పుడో కట్టవలసిన బాకీ.” వదిన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “ఆయన సిగరెట్లకన్నా ఇదే సస్తా” అని నవ్వింది.

కాబట్టి అమ్మే ముందు ఎప్పుడూ మరమ్మతు చేయించకూడదా అంటే, అదీ కాదు. ఆ స్టీరియో ఆంప్లిఫయరుకు కరెంటు తీగ తొడుగు చిట్లి రాగి బయటికి కనపడుతోంది. దాన్ని మాత్రం ఎవరినీ అడక్కుండా ఆరోజే మార్పించాం. ప్రాణంమీదికి తెచ్చేదాన్ని చెప్పి అమ్మినా తప్పే. వినేవాడు మరిచిపోవచ్చు, వాళ్ళింట్లో చంటిపిల్లలుండొచ్చు. మనమే ఉంచుకుంటే చేయించుకునేంత శ్రద్ధగా చేయించగలిగినా చేయించవచ్చు. అప్పుడు ఏం చేయించామో చెప్పి, చీటీ కూడా చేతికివ్వాలి. ఈ రెండూ కాని మరమ్మతు ఉత్త ముస్తాబు.

ఎడమ పెట్టె గరగర సంగతీ, కుడిదానికి రాబోయే రోజుల సంగతీ చాచా మాటల్లోనే కాగితంమీద రాసి, ఫొటోలతోపాటు అదీ పెట్టించాం. ముగ్గురు ఫోను చేసి మానేశారు. ఒకతను వచ్చి, విని, పోయాడు. మేనల్లుడు నావంక చూసిన చూపు చెప్పనక్కర్లేదు! మూడువారాలకు ఒకమ్మాయి వచ్చింది, బ్యాంకులో కొత్తగా చేరిందట. చెడిపోయినదాన్నే ముందు పెట్టమంది. పెద్దసౌండులో గరగరంతా కళ్ళు మూసుకుని వింది. బేరమాడి, మేమనుకున్నదానికంటే తగ్గించే తీసుకుంది. నిజం చెప్పినందుకు పైన ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు. ఎందుకివ్వాలి? నిజం మన దగ్గర ఉండవలసిన సరుకే గాని, విడిగా అమ్ముకునే సరుకు కాదు కదా. ఆపరేషనుకు తక్కువైన డబ్బు మేమందరం తలా కాస్త సర్దుకున్నాం. అదీ లెక్కే.

ఇది స్పీకర్లతో పోయే సంగతైతే ఇంతసేపు మీ కాలం తినేదాన్ని కాదు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్న దేశం మనది. పిల్ల కళ్ళజోడు పెళ్ళిచూపుల పూట బీరువాలో పెడతాం. వాళ్ళేమో పిల్లాడి అప్పు మాటెత్తరు. రెండు పక్కలా పాలిష్, రెండు పక్కలా చిన్న సౌండు. పెట్టె బాగుండకపోతే విప్పి కొత్త రింగు వేసుకోవచ్చు. కాపురానికి అలా వేసుకునే రింగు ఎక్కడ దొరుకుతుంది?

అందుకే చిన్నవాటి దగ్గరే అలవాటు చేసుకోవడం మంచిదనుకుంటాను. కుట్టుమిషనో, మిక్సీయో, పిల్లల సైకిలో మీరూ ఎప్పుడో ఒకప్పుడు అమ్ముతారు. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పుతూనే అడుగుతారు, “బానే ఉంది కదమ్మా?” అని. అప్పుడు కాఫీ తరవాత ఇద్దురుగాని, ముందు ఆ ప్రశ్నకు జవాబివ్వండి.